పెరటి చెట్టూ మందుకు పనికివస్తుంది

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద కుడి నుండి ఎడమకు రాసిన చేయి ఇది. తెలుగులో ప్రసంగించమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. మన పిల్లల్లో సగం మంది ఉర్దూ మాట్లాడగలరు గాని చదవలేరు, కాబట్టి సావనీరులో అందరూ చదువుకోవాలంటే తెలుగే మేలన్నారు. వారి మాట న్యాయమే. అందుచేత మా భాషలో తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించాలి.

ప్రతి ఏడూ ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల గురించీ, పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించీ, శ్మశానం ప్రహరీ గోడ గురించీ మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమైనవే. ఈసారి మాత్రం మేము ఒక కొత్త సంగతి పట్టుకొచ్చాం. వైద్యానికి కావలసిన చిన్న చిన్న వస్తువులను మన ఊళ్ళోనే, మన చేతులతోనే తయారుచేయగల కుర్రవాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళను మనం గుర్తించటం లేదు. గుర్తించినా నిలబెట్టటం లేదు. ఇది మా ఫిర్యాదు. ఈ ఫిర్యాదులో మొదటి ముద్దాయిలం మేమే, కాబట్టి ముందు మా తప్పు మేమే చెప్పుకుంటాం.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ అయ్యింది. ఆ ఏప్రిల్ నెలలో మన కర్నూలు పేరు రోజూ వార్తల్లో వినపడిన సంగతి మీరెవరూ మరచిపోయి ఉండరు. మా బడిలో పదో తరగతి చదువుతున్న కుర్రవాడు ఒకడుండేవాడు. పేరు చెప్పటం లేదు. తండ్రికి పాతబస్తీలో సైకిళ్ళు బాగుచేసే చిన్న కొట్టు. వాళ్ళ పక్కింటి ఆపా ఒక నర్సు. ఆమె డ్యూటీకి పోయేటప్పుడు ముఖానికి పాలిథిన్ కవరు కట్టుకుని పోవటం ఈ పిల్లవాడు చూశాడు. కవరు లోపల ఊపిరి ఆవిరి పట్టి ఆమెకు దారే కనపడేది కాదట.

కుర్రవాడు ఊరుకోలేదు. జిరాక్స్ దుకాణంలో మిగిలిపోయిన పారదర్శకపు ప్లాస్టిక్ షీట్లు తెచ్చాడు. నుదుటికి ఆనేచోట స్పాంజి పట్టీ అంటించాడు. వెనుక ఎలాస్టిక్ కుట్టటానికి వాళ్ళ అమ్మీ కూర్చుంది. మొదటిది జారిపోయింది. రెండోది గడ్డానికి గీసుకుంది. మూడోదానికి అడుగు అంచులు గుండ్రంగా కత్తిరించాడు. నాలుగోదానికి స్పాంజి మందం పెంచి, ముక్కుకూ షీటుకూ మధ్య గాలి ఆడేటట్టు చేశాడు. ఆ ఆపా రోజంతా పెట్టుకుని వచ్చి, "బేటా, ఇది బాగుంది, తల నొప్పి పెట్టలేదు" అన్నది. ఒక్కోదానికి పన్నెండు రూపాయలు పడింది. తల్లీ కొడుకులు కూర్చుని రెండు వందలు చేశారు.

ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రివారు ఆ రెండు వందలూ ఊరికే ఇస్తే తీసుకున్నారు, శభాష్ అన్నారు, ఫోటో కూడా దిగారు. ఇంకా కావాలా, ఖరీదు మాత్రం ఇప్పించండి అని అడిగేసరికి, సర్టిఫికెట్ ఏదీ, బిల్లు ఏదీ, ఏ కంపెనీ పేరు మీద కొనాలి అన్నారు. వారం తిరిగేసరికి దూరప్రాంతపు వ్యాపారి ఒకడి దగ్గర నుండి అట్టపెట్టెల్లో సరుకు దిగింది. దాని ధర మూడింతలు.

కుర్రవాడు మా దగ్గరకు వచ్చాడు. చేతిలో ఒక ఇంగ్లీషు ఫారం ఉంది. "సార్, ఇది నాకు అర్థం కావటం లేదు, ఎక్కడ రాయాలో, ఎవరికి పంపాలో చెప్పండి" అన్నాడు. మేము ఆ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాం. నిజం చెప్పాలంటే మాకూ సగమే అర్థమయ్యింది. అది ఒప్పుకోవటానికి నామోషీ అయ్యి, పెద్దరికంగా ఒక మాట అన్నాం: "ముందు పరీక్షలు చూసుకో బాబూ, ఇవన్నీ తర్వాత." వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు జూన్ నెలలో మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలే రద్దు చేశారు. ఏ పరీక్ష పేరు చెప్పి వాడిని వెనక్కి పంపామో ఆ పరీక్ష జరగనే లేదు. పోయిన అవకాశం మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ ఆ కుర్రవాడు ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో ఫోన్లకు గ్లాసు కాగితాలు అంటిస్తున్నాడు. ఆ పని తక్కువదని మేము అనం, కష్టపడి తినే అన్నం ఏదైనా గౌరవమైనదే. కాని మనిషి ముఖాన్ని కాపాడటానికి షీటు కత్తిరించిన చేతులు ఫోను ముఖాన్ని కాపాడటానికి కత్తిరిస్తున్నాయంటే, అందులో మా వంతు పాపం ఉన్నది. ఈ మాట ఈ సభలో చెప్పకుండా ఉండలేకపోయాం.

తెలుగులో ఒక సామెత ఉంది, పెరటి చెట్టు మందుకు పనికిరాదని. మన ఇంటి పిల్లవాడు చేసిన వస్తువు మీద మనకు నమ్మకం ఉండదు. అదే వస్తువు అట్టపెట్టెలో, ఇంగ్లీషు అక్షరాలతో వస్తే కళ్ళకద్దుకుని తీసుకుంటాం. ఈ సామెత అబద్ధమని రుజువు చేసిన మనుషులు మన దేశంలోనే ఉన్నారు. వారిలో కొందరి సంగతి మనవి చేస్తాం.

మొదటిది జైపూర్ కాలు. 1968 ప్రాంతంలో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే పనివాడు ఉండేవాడు. అందరూ మాస్టర్జీ అనేవారు. బడి చదువు అంతంత మాత్రమే, కాని చేతిలో గొప్ప హునర్ ఉన్నది. కాలు పోయినవాళ్ళకు అప్పట్లో ఇచ్చే కృత్రిమ కాళ్ళు పాశ్చాత్య దేశాల పద్ధతివి. వాటికి బూట్లు తప్పనిసరి. వాటితో గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, పొలంలో బురదలో నడవలేరు. మన రైతు బూట్లు వేసుకుని దుక్కి దున్నుతాడా? మాస్టర్జీ రబ్బరుతో, కొయ్యతో కాలు తయారుచేశాడు. టైర్లకు రబ్బరు కాల్చి అతికించే దుకాణంలో ఆయనకు ఆ ఉపాయం తట్టిందని చెబుతారు. డాక్టర్ పి.కె. సేఠీ గారూ, ఆయనతో ఉన్న వైద్యులూ ఆ పనివాడి పక్కన నిలబడి, ఎముకల శాస్త్రం ప్రకారం దాన్ని సరిదిద్దారు. ఆ కాలుతో నేల మీద కూర్చోవచ్చు, చెట్టెక్కవచ్చు, బూటు లేకుండా నడవవచ్చు. మన పెద్దలకు సులభంగా అర్థమయ్యే మాట ఒకటి చెబుతాం: ఆ కాలు పెట్టుకున్నవాడు నేల మీద చాప వేసుకుని నమాజుకు కూర్చోగలడు. 1981లో సేఠీ గారికి మెగసెసే అవార్డు వచ్చింది. 1975లో జైపూర్‌లో ఏర్పడిన ఒక సేవా సంస్థ ద్వారా ఆ కాళ్ళు లక్షల మందికి ఉచితంగా చేరాయి.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, పనివాడు ఒక్కడే అయితే ఆ కాలు ఆయన కొట్టులోనే ఉండిపోయేది. డాక్టర్ ఒక్కడే అయితే అది కాగితం మీదే ఉండిపోయేది. ఇద్దరూ కలిశారు కాబట్టి లోకానికి పనికివచ్చింది. మన ఊళ్ళో పనివాళ్ళూ ఉన్నారు, డాక్టర్లూ ఉన్నారు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టినవాళ్ళే లేరు.

రెండోది మీ అందరి ఇళ్ళల్లో ఉండే ఓఆర్ఎస్ పొట్లం. 2009 అక్టోబరులో వరద వచ్చి మన పట్టణం మునిగినప్పుడు, నీళ్ళు తీసిన తర్వాత మా ఇంటికి కూడా ఆ పొట్లాలు ఇచ్చిపోయారు. ఆ పొట్లం వెనుక ఒక కథ ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్ చేరారు. బన్‌గావ్ అనే చోట కలరా విరుచుకుపడింది. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు, అప్పటికి నలభై కూడా నిండలేదు, ఒక సాహసం చేశాడు. లీటరు నీళ్ళకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా లెక్కన పొట్లాలు కట్టించి, కలిపి తాగించటం మొదలుపెట్టాడు. కల్కత్తాలో కూర్చుని తూకం వేసి పొట్లాలు కట్టారు. రోగి తల్లో, అన్నో, చెల్లెలో గ్లాసుతో తాగించారు. అక్కడ వందకు 30 మంది దాకా చనిపోతుండగా, అది నాలుగు కంటే కిందికి దిగింది. 1978లో లాన్సెట్ అనే వైద్యపత్రిక ఈ పద్ధతిని ఆ శతాబ్దంలోనే అతి ముఖ్యమైన వైద్య ముందడుగు కావచ్చునని రాసింది. ఆ మహానుభావుడు 2022లో కన్నుమూస్తే, మరుసటి సంవత్సరం పద్మవిభూషణ్ ఇచ్చారు. వంటింట్లో దొరికే ఉప్పూ సోడా, ఒక త్రాసు, తెలివైన మనిషి, ధైర్యం. ఇంతే సామగ్రి.

మూడోది చెప్పేటప్పుడు అక్కచెల్లెళ్ళ దగ్గర ముందుగా అనుమతి తీసుకుంటున్నాం. కోయంబత్తూరు దగ్గర అరుణాచలం మురుగనాథం అనే వర్క్‌షాప్ పనివాడు, తన భార్య నెలసరి సమయంలో పాతగుడ్డలు వాడటం చూసి, చవకగా ప్యాడ్లు తయారుచేసే చిన్న యంత్రం కనిపెట్టాడు. దానికి కొన్నేళ్ళు పట్టింది. ఊరివాళ్ళు పిచ్చివాడన్నారు, ఇంటివాళ్ళు కూడా కొంతకాలం దూరమయ్యారు. ప్యాడ్లలో వాడేది మామూలు దూది కాదనీ, చెట్టు కలప నుండి తీసే సెల్యులోజ్ అనీ తెలుసుకోవటానికే ఆయనకు ఎంతో కాలం పట్టింది. ఆ యంత్రాన్ని పెద్ద కంపెనీకి అమ్ముకోకుండా మహిళా సంఘాలకే ఇచ్చాడు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి చెప్పటానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మా బడిలో ఆడపిల్లలు నెలకు మూడు నాలుగు రోజులు ఎందుకు రావటం లేదో హాజరుపట్టీ చూసినవాళ్ళకు తెలుసు. అది తెలిసి నోరు మూసుకోవటమే సిగ్గుచేటు.

మన హైదరాబాద్ సంగతి కూడా చెప్పుకోవాలి. అబ్దుల్ కలాం గారు హైదరాబాద్‌లో క్షిపణుల పని మీద ఉన్న రోజుల్లో, నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టర్ ఒకరు ఆయన ప్రయోగశాలకు వచ్చి, అక్కడి తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. తర్వాత కలాం గారిని ఆసుపత్రికి తీసుకుపోయి, పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప పట్టీలు కాళ్ళకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడవటం చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపట్టీలు తయారయ్యాయి. పిల్లల తల్లిదండ్రుల కళ్ళవెంట నీళ్ళు వచ్చాయని కలాం గారు తరచూ చెబుతుండేవారు. రాకెట్టు కోసం చేసిన వస్తువు పేదపిల్లవాడి కాలికి పనికివచ్చింది. అందుకు కారణం డాక్టరు గారు ప్రయోగశాల గడప దాటి లోపలికి రావటమే.

అదే హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, నెల్లూరు జిల్లావారు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి రోగానికి టీకా అప్పట్లో విదేశాల నుండి వచ్చేది, ఒక్కో మోతాదు వందల రూపాయలు. సామాన్యుడు తన బిడ్డకు వేయించగలిగే ధర కాదది. మన దేశంలో బాంకులు ముందుకు రానప్పుడు ఒమాన్ దేశపు మంత్రి యూసుఫ్ బిన్ అలవీ గారు పెట్టుబడి పెట్టి, అప్పుకు హామీ కూడా నిలిచారు. 1997లో మన దేశంలోనే తయారైన టీకా బజారులోకి వచ్చింది, ధరలు దిగివచ్చాయి. ఎక్కడి నెల్లూరు, ఎక్కడి ఒమాన్! నమ్మకం పెట్టేవాడు ఒక్కడు దొరికితే కోట్ల మంది పిల్లలకు మేలు జరిగింది. గల్ఫ్ దేశాల్లో కష్టపడుతున్న మన సభ్యుల కుటుంబాలు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలని మా మనవి. ఊళ్ళో ఇంకొక మేడ లేపటం ఒక్కటే పెట్టుబడి కాదు.

ఇటువంటి సభల్లో పూర్వీకుల గొప్పలు చెప్పుకోవటం ఒక ఆనవాయితీ. వెయ్యేళ్ళ కిందట స్పెయిన్‌లోని కార్డోబా నగరంలో అల్ జహ్రావీ అనే వైద్యుడు శస్త్రచికిత్స పనిముట్లను దాదాపు రెండు వందల దాకా బొమ్మలు గీసి, ఏది ఎందుకో వివరించి గ్రంథం రాశాడు. మేమూ తరగతిలో ఈ మాట గర్వంగా చెబుతాం. చెప్పిన ప్రతిసారీ ఒక సామెత గుర్తుకొస్తుంది: మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి. అల్ జహ్రావీ పనిముట్ల బొమ్మలు గీసి వదలలేదు, కమ్మరివాళ్ళ చేత చేయించుకుని వాడాడు. ఆయనను గౌరవించటమంటే ఆయన పేరు తలచుకోవటం కాదు, మన కమ్మరి కొడుకు చేతికి ఒక మంచి ఆకురాయి ఇవ్వటం.

అయితే పెద్దల్లో కొందరికి ఒక అనుమానం కలుగుతుంది. వైద్యం వస్తువు ప్రాణంతో చెలగాటం కదా, కుర్రవాళ్ళ చేతికి ఇవ్వవచ్చునా అని. ఈ అనుమానం న్యాయమైనది. ఆ రోజు మా కుర్రవాడిని సర్టిఫికెట్ అడిగిన ఆసుపత్రివారిని కూడా మేము పూర్తిగా తప్పుపట్టం. రోగి ఒంటికి తగిలే వస్తువును పరీక్ష లేకుండా కొనమనటం మనం కూడా అడగకూడదు. జాలిపడి కొనమని కాక, పరీక్షించి, నెగ్గితే కొనమని అడగాలి. ఆ రోజు లోపం అడగటంలో లేదు. అడిగినదాన్ని ఎలా తెచ్చుకోవాలో ఆ పిల్లవాడికి చెప్పే మనిషి ఒక్కడూ లేకపోవటంలో ఉన్నది.

కాబట్టి నియమాలు తెలుసుకోవాలి. మన దేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమాలు ఉన్నాయి. ప్రమాదాన్ని బట్టి పరికరాలను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. ప్రమాదం అతి తక్కువ ఉన్నవి ఎ తరగతి, గుండె కవాటం వంటివి డి తరగతి. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలన్నింటినీ ఈ చట్టం కిందకు తెచ్చారు. మాస్కుల సంగతే చూడండి. 2020లో మన రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున గుడ్డ మాస్కులు పంచాలని ప్రభుత్వం అనుకుంటే, పొదుపు సంఘాల ఆడవాళ్ళు కుట్టి ఇచ్చారు. మనవాళ్ళ మిషన్లు కూడా రాత్రింబగళ్ళు తిరిగాయి. కాని ఆపరేషన్ గదిలో డాక్టరు పెట్టుకునే మాస్కు వేరు. దానికి మధ్యలో సన్నటి పోగుల పొర ఒకటి ఉండాలి, ఐఎస్ 16289 అనే ప్రమాణం ఉంది. గుడ్డ మాస్కు కుట్టి, ఆపరేషన్ మాస్కు అని అమ్మితే అది హునర్ కాదు, మోసం. ఈ తేడా మన పిల్లలకు మనమే చెప్పాలి.

అందుచేత మన సొసైటీ మొదలుపెట్టవలసినది తక్కువ ప్రమాదం ఉన్న వస్తువులతో. తడి నేల మీద జారని చేతికర్ర. ముసలివాళ్ళు మరుగుదొడ్డిలో పట్టుకుని లేచే పట్టీ. మంచం పట్టిన రోగికి వీపు ఆనించుకునే ఆసరా. పక్షవాతం వచ్చిన చేతితో కూడా పట్టుకోగల చెంచా. షుగరు రోగుల పాదాలకు మెత్తటి అడుగు ఉన్న చెప్పు, అది కూడా డాక్టరు పాదం చూసి చెప్పిన కొలతకే. సూదులూ, ఇంజెక్షన్లూ, శుద్ధి చేసి మూసి ఉంచవలసిన సరుకూ మన జోలి కాదు. అవి ఫ్యాక్టరీల పని. ఏది చేయకూడదో తెలిసినవాడే చేయగలిగినదాన్ని బాగా చేస్తాడు.

ఇక మా ప్రతిపాదనలు మనవి చేస్తాం. అయిదే అయిదు.

ఒకటి, మన షాదీఖానా మీది గది ఏడాదిలో పది నెలలు విరిగిన కుర్చీలతో నిండి ఉంటుంది. ఆ గది ఖాళీచేసి ఒక బల్ల, ఒక పట్టుడు, డ్రిల్లింగ్ మిషను, రెండు కుట్టు మిషన్లు, ఒక మంచి త్రాసు పెడదాం. సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచుదాం. వారంలో రెండు రోజులు ఆడపిల్లలకే కేటాయిద్దాం. కుట్టుపని తెలిసిన అమ్మాయిలు మనలో ఎందరున్నారో లెక్కేలేదు.

రెండు, ఒక కమిటీ. అందులో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక వెల్డింగ్ పనివాడు, ఇంగ్లీషు కాగితాలు రాయగల ఒక పట్టభద్రుడు, ఒక బడిపంతులు. నర్సు తప్పకుండా ఉండాలి. ఎందుకంటే వస్తువు రోగికి ఎక్కడ గుచ్చుకుంటుందో అందరికంటే ముందు తెలిసేది ఆమెకే. ఎవరైనా పిల్లవాడు ఒక వస్తువు తెస్తే బాగుందనో బాగులేదనో ఒక్క మాటలో తేల్చకుండా, ఏం మార్చాలో చెప్పి పంపాలి.

మూడు, డబ్బు. పిల్లలకు దానం వద్దు, కర్జె హసనా ఇద్దాం, వడ్డీ లేని అప్పు. అయిదు వేలు, పదివేలు. వస్తువు అమ్ముడైతే తీరుస్తాడు. ప్రయత్నం నిజాయితీగా చేసి కూడా విఫలమైతే, కమిటీ విచారించి మాఫీ చేయాలి. మన సొసైటీలో రెండు వందల కుటుంబాలకు తక్కువ లేవు. ఇంటికి నెలకు 25 రూపాయలు, అంటే ఏడాదికి 300. రెండు వందల ఇళ్ళకు 60,000 రూపాయలు అవుతుంది. ఒక పెళ్ళిలో మిగిలిపోయి పారబోసే బిర్యానీ ఖరీదు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది, అబద్ధమైతే చెప్పండి.

నాలుగు, ప్రభుత్వ పథకాలు. బడి పిల్లల కోసం ఇన్‌స్పైర్ మానక్ అనే పథకం ఉంది. బడి నుండి అయిదు ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైన పిల్లవాడికి నమూనా తయారీకి పదివేల రూపాయలు వస్తాయి. భారతీయ భాషల్లో దేనిలోనైనా రాయవచ్చు, అంటే ఉర్దూలోనూ రాయవచ్చు. మా బడి నుండి ఎన్నో ఏళ్ళు ఒక్క ఆలోచనా పోలేదు. పిల్లలకు ఆలోచనలు లేక కాదు, పంతుళ్ళకు తీరిక లేక. పెద్దయిన కుర్రవాళ్ళకు బైరాక్ అనే కేంద్ర సంస్థ ఇచ్చే గ్రాంటు ఉంది, 50 లక్షల దాకా. విశాఖపట్నంలో వైద్య పరికరాల కోసమే కట్టిన మెడ్‌టెక్ జోన్ ఉంది, హైదరాబాద్‌లో టీవర్క్స్ ఉంది. ఈ తలుపులు తట్టటానికి దారి తెలిసిన మనిషి కావాలి. ఇంకో జాగ్రత్త. నిజంగా కొత్త సంగతి కనిపెడితే ముందు పేటెంటు దరఖాస్తు, తర్వాతే ఫోటోలూ పేపర్లూ. తాత్కాలిక దరఖాస్తు పెట్టుకుంటే పూర్తి వివరాలు ఇవ్వటానికి పన్నెండు నెలల గడువుంటుంది. ముందే అందరికీ చూపించేస్తే అది కొత్తది కాకుండా పోతుంది.

అయిదు, అన్నింటికంటే ముఖ్యమైనది, కొనటం. చప్పట్లతో ఏ కొట్టూ నడవదు. ఈ సభలో మందుల దుకాణాలవారున్నారు, క్లినిక్కులు నడిపే డాక్టర్లున్నారు. కమిటీ చూసి, నియమాల ప్రకారం ఉన్నదని తేల్చిన వస్తువును మీ దుకాణంలో ఒక్క అరలో పెట్టండి. బాగులేకపోతే తిప్పి పంపండి, కాని ఎందుకు బాగులేదో ఒక చీటీ రాసి పంపండి. ఆ చీటీయే ఆ పిల్లవాడికి పాఠం.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ పిల్లవాడు ఇంట్లో ఏదైనా విప్పదీసి కూర్చుంటే, చెడగొట్టాడని చెవి మెలిపెడతారు. మేమూ బడిలో అదే చేశాం. ఇకమీదట ఒక్క క్షణం ఆగి, "ఏం చేస్తున్నావు బేటా?" అని అడగండి. అంతే చాలు. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. మార్కులు అవసరమే, మేము పంతుళ్ళం, మార్కులు వద్దని ఎలా అంటాం? కాని మార్కుల పట్టీలో చేతి పనికి గడి లేదు. ఆ గడి మీ మనసులో ఉండాలి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాం.

ఈ ప్రసంగం రాసుకున్న తర్వాత మేము ఆ సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్ళాం. ఆరోజు నీకు సాయం చేయలేకపోయాం, మాకు ఆ ఫారం అర్థం కాలేదు, ఆ మాట ఒప్పుకోలేక పరీక్షల వంక పెట్టాం అని చెప్పాం. పంతులు శిష్యుడి ముందు ఇలా అనటం కష్టంగానే ఉన్నది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో ఉన్న ఫోను పని పూర్తిచేసి, అంచుల్లో గాలి బుడగలు లేకుండా వేలితో ఒత్తి, గిరాకీకి ఇచ్చి పంపాడు. తర్వాత, "పోనివ్వండి సార్, ఆ ఫారం నాకూ అర్థం కాలేదుగా" అని నవ్వాడు. సభకు రమ్మంటే, దుకాణం వదిలి రాలేనన్నాడు. మెట్ల దాకా వచ్చి మాత్రం ఒక మాట అన్నాడు: "గది తెరిచాక కబురు పెట్టండి సార్. మా దాదీమా చేతికర్ర బాత్‌రూములో జారుతోంది, దానికి అడుగున ఏం పెడితే ఆగుతుందో నేను రెండు మూడు రకాలు అనుకున్నాను."

మెట్ల మీద మేము కబురు పెడతామని మాట ఇచ్చి వచ్చాం. ఆ మాట మా ఒక్కరి వల్ల నిలబడదు. గది తాళంచెవి సొసైటీ దగ్గర ఉన్నది, అధ్యక్షుల వారి దగ్గర ఉన్నది, మీ అందరి దగ్గరా ఉన్నది.